ఆడలేక మద్దెల ఓడు

అమెరికాలో బుల్స్‌ఐ పిస్తోలు పోటీలకు వెళ్ళేవారి నడుమ ఒక మూఢనమ్మకం బలంగా నాటుకొని ఉంది. మంచి స్కోరుకు మంచి తూటాయే మూలమనీ, ఆ మంచి తూటా స్వహస్తాలతో ఇంట్లో కూర్చుకున్నదే అయి ఉండాలనీ, ఆ కూర్పు రహస్యం ఎవరో ఒక మహానుభావుని వద్ద దాగి ఉన్నదనీ వారి విశ్వాసం. ఇందులో మొదటిది సగం నిజం. రెండవది పావు నిజం. మూడవది పచ్చి అబద్ధం.

ఈ క్రీడతో పరిచయం లేని పాఠకులకు రెండు మాటలు. పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారవేయకుండా శుభ్రపరచి, అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, అడుగున కొత్త ప్రైమరు అమర్చి, కొలిచిన మందు పోసి, పైన గుండు బిగిస్తే మళ్ళీ తూటా సిద్ధమవుతుంది. దీనినే హ్యాండ్‌లోడింగ్ అంటారు. గుండు బరువు, ఆకారం, మందు రకం, దాని మోతాదు, గుండు దిగే లోతు అన్నీ కూర్చేవాని ఇష్టం. ఆ స్వేచ్ఛే దీని ఆకర్షణ. అదే క్రమంగా వ్యసనమవుతుంది.

ఇక పోటీ సంగతి. పూర్తి పోటీకి 2700 అని పేరు. 270 గుళ్ళు, ఒక్కొక్కదానికి అత్యధికంగా 10 పాయింట్లు. మూడో వంతు .22 తుపాకితో, మూడో వంతు సెంటర్‌ఫైరుతో, మూడో వంతు .45తో కాల్చాలి. ఆరుబయట జరిగే పోటీలో 90 గుళ్ళు 50 గజాల నుండి తీరికగా కాలుస్తారు. మిగిలిన 180 గుళ్ళు 25 గజాల నుండి, ఐదేసి చొప్పున, ఒక దశలో 20 సెకన్లలో, మరొక దశలో 10 సెకన్లలో కాల్చాలి. రెండు దూరాలలోనూ పది పాయింట్ల వలయం వ్యాసం 3.36 అంగుళాలే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 50 గజాల వద్ద ఒక ఔత్సాహికుని చేయి వణుకు వల్ల గుళ్ళు 8 అంగుళాల మేర చెదురుతాయనుకుందాం. అతని తూటాల సొంత దోషం 3 అంగుళాలనుకుందాం. ఈ రెండు దోషాలు సూటిగా కూడవు, వాటి వర్గాలు కూడుతాయి. మొత్తం చెదురు సుమారు 8.5 అంగుళాలు. అతడు నెలల తరబడి శ్రమించి తూటా దోషాన్ని సగానికి, అంటే 1.5 అంగుళాలకు తగ్గించాడు. మొత్తం ఎంతకు దిగింది? 8.1కి. అంత శ్రమకూ దక్కిన ఫలం అర అంగుళం కూడా లేదు! అదే కాలాన్ని మీట నొక్కే వేలికి శిక్షణ ఇవ్వడానికి వెచ్చించి 8ని 6కు దించి ఉంటే, పాత తూటాలతోనే మొత్తం 6.7కు దిగేది. 25 గజాల వద్ద తూటా దోషం ఎలాగూ సగమవుతుంది, వలయం మాత్రం చిన్నది కాదు. పోటీలో మూడింట రెండు వంతుల గుళ్ళు కాల్చేది అక్కడి నుండే.

ఇంకొక సాక్ష్యం .22 తూటా. దాని ప్రైమింగ్ రసాయనం గొట్టం అంచులోనే ఉంటుంది కనుక ఇంట్లో మళ్ళీ కూర్చుకునే వాడుక లేదు. కర్మాగారం ఇచ్చినదే గతి. అయినా చాలామందికి ఎక్కువ స్కోరు వచ్చేది ఆ మూడో వంతులోనే. తుపాకి వెనక్కి తన్నదు కనుక అంటారా? సరిగ్గా నా వాదనా అదే: గుణం చేతిలోనూ, ఆ చేయి తట్టుకునే తాపులోనూ ఉన్నది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో రజతం గెలిచింది. ఆ పోటీ .22తో జరిగేదే.

ప్రతిపక్షంలో న్యాయం లేదని అనను. చేయి 3 అంగుళాలకు కుదిరిన నిపుణునికి తూటా దోషం 3 నుండి 1.5కు తగ్గితే మొత్తం 4.2 నుండి 3.4కు దిగుతుంది. అతనికి అది గెలుపోటముల తేడా. తన్ను తక్కువగా ఉండే .45 తూటా తయారుచేసుకోవడమూ, కొనేదానికంటే చౌకగా ఎక్కువ సాధన చేయడమూ గట్టి కారణాలే. అయితే ఆ కారణాలు ఒక కూర్పును ఎంచుకోమంటాయి, నెలకొకటి మార్చమని చెప్పవు.

ఎంపికకు గీటురాళ్ళు మూడు చాలు. తుపాకి స్లయిడు ప్రతిసారీ పూర్తిగా వెనక్కి పోయి రావాలి. మందు తగ్గించి, మధ్యలో తుపాకి ఆగిపోతే ఆ మెత్తదనం ఎందుకు? లక్ష్యపటంపై అంచు తేటగా తెగిన రంధ్రం పడాలి; చదును ముక్కు గల వాడ్‌కటర్, సెమీ వాడ్‌కటర్ గుళ్ళ ఉపయోగం అదే. మూడవది, మీ తుపాకిలోనే, ఆనుడు మీద, 50 గజాల నుండి పదేసి గుళ్ళు పలుమార్లు కాల్చి చూడాలి. పది రకాల కూర్పులు ఐదేసి గుళ్ళు కాలిస్తే వాటిలో ఒకటి కేవలం అదృష్టం వల్లనే అద్భుతంగా కనిపిస్తుంది. ఆ ఒక్క కాగితాన్ని జేబులో పెట్టుకొని ఊరేగడం శాస్త్రం అనిపించుకోదు.

ఈ మోజు వల్ల స్కోరును మించిన నష్టం కూడా ఉంది. ఈ తూటాల్లో వాడే త్వరగా మండే మందు గొట్టంలో కొద్ది భాగమే నిండుతుంది. పొరబాటున రెండుసార్లు పోసినా పట్టేస్తుంది, పైకి తెలియదు. పేలినప్పుడు తుపాకి పగులుతుంది. చేయీ కన్నూ ప్రమాదంలో పడతాయి. ఒకే మందు, ఒకే మోతాదు, బల్లమీద ఒకే డబ్బా, గుండు బిగించే ముందు ప్రతి గొట్టంలోకీ తొంగిచూడటం, ఇదీ రక్షణ. వారానికొక వంటకం ప్రయత్నించేవాడు ఈ రక్షణను తన చేతులతోనే కూలదోసుకుంటున్నాడు.

కనుక అయ్యలారా, మూడు పరీక్షలకూ నిలిచిన కూర్పు ఒకటి దొరికితే దానిని కాగితం మీద రాసి గోడకు అంటించండి. అన్వేషణ అక్కడితో ముగించండి. ఆపైన వచ్చే ఏడు పాయింట్లకూ, ఎనిమిది పాయింట్లకూ బాధ్యత మీది. మద్దెల బాగానే ఉంది.