సముద్రం దాచిందెంత, సర్కారు దాచిందెంత?

విశాఖపట్నంలో ఎన్ఏడీ కొత్త రోడ్డు తెలియనివారుండరు. ఆ మూడక్షరాలు నేవల్ ఆర్మమెంట్ డిపోవని మాత్రం అక్కడ బస్సు దిగేవాళ్లలో చాలామందికి గుర్తుండదు. ఆ కూడలి దాటినప్పుడల్లా నాకు 2016 జులై 22 గుర్తొస్తుంది.

ఆ ఉదయం తాంబరం నుంచి వైమానిక దళ ఏఎన్-32 విమానం 29 మందితో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరింది. వారిలో 8 మంది ఈ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. 9 గంటలు దాటాక విమానం రాడార్ నుంచి మాయమైంది. నౌకలు, విమానాలు, జలాంతర్గామి గాలించాయి. సెప్టెంబర్‌లో అందరూ చనిపోయినట్టే భావిస్తున్నామన్నారు. చివరికి 2024 జనవరి 12న, చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శిథిలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. ఆ ఒక్క మాట కోసం కుటుంబాలు ఏడున్నరేళ్లు ఎదురుచూశాయి.

గాలించినవారి కష్టాన్ని నేను తక్కువ చేయను. వానాకాలపు బంగాళాఖాతం మామూలుది కాదు. కానీ తప్పంతా సముద్రం మీదకు నెట్టేస్తే కుదరదు. 2015 జూన్‌లో తమిళనాడు తీరంలో కోస్ట్ గార్డ్ డోర్నియర్ కూలింది. నీటి అడుగున దాని బీకన్ పంపిన సంకేతాన్ని సింధుధ్వజ్ జలాంతర్గామి పసిగట్టింది. మరుసటి నెలలోనే శిథిలాలు దొరికాయి. ఏఎన్-32లో అలాంటి బీకనే లేదు. సముద్రం మీదుగా మనుషుల్ని మోసే విమానానికి అది ఎందుకు బిగించలేదు? ఆ నిర్ణయం ఎవరిది?

జవాబు విచారణ నివేదికలో ఉండాలి. సైనిక విచారణ నివేదికలు మామూలుగా జనం ముందుకు రావు. దేశ భద్రత అంటారు. అడిగితే దేశభక్తిని శంకిస్తారు. 1923లో తెల్లవాళ్లు చేసిన అధికార రహస్యాల చట్టం నీడ ఇంకా మన మీద ఉంది. అయితే 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(2) ఒక దారి చూపింది. వెల్లడిస్తే కలిగే నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే, ఆ పాత చట్టం ఉన్నా సమాచారం ఇవ్వవచ్చు.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్, పనిచేసే మనిషి క్షేమాన్ని యజమాని దయకు వదలలేదు, చట్టంలోకి తెచ్చారు. ప్రభుత్వమే యజమాని అయినప్పుడు ఆ బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. డ్యూటీ మీద పంపిన ఉద్యోగి ఎలా చనిపోయాడో ఇంట్లోవాళ్లకు చెప్పడం దానం కాదు, బాకీ.

యుద్ధ రహస్యాలుంటే ఆ పేజీలు తీసేయండి. విమానం ఎందుకు కూలింది, బీకన్ ఎందుకు లేదు, ఇప్పుడు అండమాన్‌కు ఎగిరే ప్రతి సైనిక విమానంలో అది ఉందా? ఈ మూడింటికి జవాబు శత్రువుకు పనికొచ్చేది కాదు. రేపు అదే దారిలో డ్యూటీకి వెళ్లే ఉద్యోగికి పనికొచ్చేది.