మాట మలుపు: డైవర్ట్
శ్రీశైలంలో నిలిచిన కృష్ణా నీటిని పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లించి, వెలుగోడు మీదుగా బద్వేలు ప్రాంతంలోని బ్రహ్మంసాగర్‌కు తెస్తారు. ఈ మళ్లింపే ఇంగ్లిషులో 'డైవర్ట్'. లాటిన్‌లో 'వెర్టెరె' అంటే తిప్పడం. ముందున్న 'డి'కి పక్కకు అని అర్థం. కన్వర్ట్, రివర్స్ దీని తోబుట్టువులే.

పద్యాన్ని సూచించే 'వర్స్' కూడా ఈ ఇంటిదే! లాటిన్‌లో 'వెర్సుస్' అంటే నాగటి చాలు. గట్టుదాకా వెళ్లిన కాడెద్దులు మళ్లి ఇంకో చాలు పట్టినట్టే, పద్యమూ పాదం ముగిశాక మళ్లుతుంది. మన ఉత్పలమాల, చంపకమాలలు వృత్తాలు కదా! ఆ సంస్కృత 'వృత్', ఈ 'వెర్ట్' ఒకే మూలానివని భాషావేత్తల మాట.

చాలు మళ్లితే పద్యం. కాలువ మళ్లితేనే సీమ రైతు చాలులో తడి.