పాత బూట్లకు క్రొత్త మెఱుగు



గత వేసవిలో అటక సర్దుచుండగా మా మామగారి నల్లతోలు బూట్లు బయల్పడినవి. వారు గతించి 12 ఏండ్లయినది. బూజుపట్టి బిగిసియున్న వానిని పాఱవేయ నెంచితిమి. ఇంతలో మా పెద్దవాడు, "అమ్మా! తాతగారి కొలతయే నా కొలత. ఇంటర్వ్యూకు వీనినే తొడుగుకొందును" అనెను. క్రొత్తవి కొనుటకు బడిపంతులుగారి జీతమున ఆ నెల వెసులుబాటును లేదు.

మేము వానిని చేతబట్టగానే అత్తగారు, "తోలుపని మనకేల తల్లీ?" అని నొచ్చుకొనిరి. "అన్నగారి పాదుకలను భరతుడు శిరమున దాల్చిన కథ నాకు చెప్పినది మీరే గదా అత్తయ్యగారూ!" అంటిమి. వారు మాఱు పలుకలేదు.

మొదట తోలును వ్రేలితో మెల్లగా వంచి చూడవలెను. ఎఱ్ఱని పొడిగా రాలినచో ఆశ వదలుకొనవలసినదే. రాలనిచో త్రాళ్లు తీసి, బూజును ఇంటి వెలుపల పొడిగుడ్డతో తుడిచి, పిదప సమభాగము నీరు కలిపిన వినిగరులో గుడ్డను తడిపి, గట్టిగా పిండి, అద్దవలెను. ముందుగా కనబడని చోట పరీక్షించుట మేలు. లోపల కాగితపు టుండలు దూర్చి నీడనే ఆరనీయవలెను. ఒకప్పుడు మేము మావారి బూట్లను పొయ్యి ప్రక్కన ఆరబెట్టి పగుల్చుకొంటిమి. పగిలిన తోలు మరల నతుకదు.

ఎండిన తోలునకు కావలసినది స్నేహము. కొందఱు కొబ్బరినూనె పూయుదురు. దానివలన తోలు మెత్తబడి, రంగు చెడి, పాలిష్ పట్టదు. తోలునకై అమ్మెడి క్రీమును పలుచగా పూసి, ఒక రాత్రి యుంచవలెను. మఱునాడు నల్లమైనపు పాలిష్‌ను కొంచెముగా తీసికొని చిన్న చిన్న సున్నలు చుట్టినట్లు రుద్ది, 10 నిమిషము లాగి, కుంచెతో తోమవలెను. అద్దమువంటి మెఱుగు కావలెనన్న మునివ్రేళ్లకు మెత్తని నూలుగుడ్డ చుట్టి, నీటి చుక్కతో మరల రుద్దవలెను. ఈ మెఱుగు ముక్కునకును మడమకును మాత్రమే. నడకలో మడతపడు చోట మందముగా పూసిన మైనము పగులును.

1906లో మెల్‌బోర్న్ నగరమున విలియం రామ్సే ప్రారంభించిన కివీ పాలిష్‌నకు, ఆయన భార్య పుట్టిన న్యూజీలాండు దేశపు పక్షి పేరు పెట్టిరి. కనుక ఈ పనిలో గృహిణి పేరు ఏనాడో చేరియున్నది!

అడుగుకుట్టు ఊడినచో మనము సూది పట్టరాదు. చర్మకారుని కప్పగింపవలెను. మా వీథి చర్మకారుడు రెండు గంటలు వంగి కూర్చుండి కుట్టెను. అట్టివాని యొద్ద బేరమాడుట మర్యాద కాదని ఆనాడు తెలిసికొంటిమి.

తుది మెఱుగునకు మెత్తని గుడ్డ వెదకుచుండగా, అత్తగారు తమ పెట్టె తెఱచి మామగారి పాతపంచె కొంగు చించి తెచ్చి, మా ప్రక్కన కూర్చుండి ఒక బూటును తామే తుడిచిరి.

ఆ యుద్యోగము అబ్బాయికి రాలేదు. అయినను బూట్లు మరల అటక యెక్కలేదు. తొడిగిన మఱునాడు వానికి విశ్రాంతి నిచ్చి, గాలి యాడుచోట నుంచుచున్నాము. ఈ మాఱు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు వానిని తుడుచువారము మేమిద్దఱము.