మేక ముట్టని చెట్టు, పిల్లి కొరికే ఆకు

పిల్లలూ! ఎండలు ముదిరితే కర్నూలు, కడప జిల్లాలలో పెరళ్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. బంతి వాడిపోతుంది, గరిక మాడిపోతుంది. గన్నేరు మాత్రం పచ్చగా నిలబడి గుత్తులు గుత్తులుగా పూస్తుంది. దానికి నీళ్లు తక్కువైనా చాలు, అదొక కారణం. ఇంకొకటి, దానిని మేక ముట్టదు. ముళ్లకంపను సైతం నమిలే మేక గన్నేరు వాసన చూసి మూతి తిప్పుకొంటుంది.

పరుగెత్తలేని చెట్టుకు ముల్లయినా ఉండాలి, విషమైనా ఉండాలి గదా! గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. ఆ విషం గుండె కొట్టుకొనే తీరునే తప్పిస్తుంది. మనిషికైనా అంతే, పిల్లికైనా అంతే.

"పిల్లి మాంసం తినే జంతువు గదా, దానికి ఆకులతో ఏం పని?" అంటారేమో. పిల్లి గడ్డి కొరకడం మీరు చూసే ఉంటారు. అది జబ్బు కాదు, దాని స్వభావం. వీధిలో తిరిగే పిల్లికి ఎక్కడో ఒకచోట గరిక దొరుకుతుంది. ఎండకు భయపడి మనం ఇంట్లో ఉంచి తలుపు వేసిన పిల్లికి దొరికేది కుండీలోని మొక్కే. పిల్లికూనలైతే ఆటకే ఆకులు పీకుతాయి.

కిటికీలో పాకే మనీప్లాంటు సంగతి చూడండి. పచ్చి చేమాకు నాలుకకు తగిలితే దురద పెడుతుంది గదా. రెండూ ఒకే కుటుంబానివి. వాటి ఆకులలో కంటికి కనిపించని సూదులుంటాయి. కొరికిన పిల్లికి నోరు మండి చొంగ కారుతుంది. సాధారణంగా ప్రాణభయం ఉండదు.

ప్రాణం తీసేది బొకేలలో వచ్చే పెద్ద లిల్లీ పువ్వు. మన దండలలో గుచ్చే తెల్లని లిల్లీ కాదు. అది నేలసంపెంగ, వేరే జాతి. బొకే లిల్లీ పుప్పొడి ఒంటిమీద రాలినా చాలు, పిల్లి నాకి శుభ్రం చేసుకొంటుంది, ఆ కాస్తకే దాని మూత్రపిండాలు చెడిపోతాయి. పూలసీసాలోని నీళ్లూ ప్రమాదమే. విచిత్రం, కుక్కకు ఇంత హాని జరగదు. పిల్లి ఉన్న ఇంటికి ఆ పువ్వు రాకూడదు, అంతే.

పెద్దలకొక మాట. పిల్లి ఆకు కొరికి వాంతి చేసుకొన్నా, మేత మాని మూల పడుకొన్నా రేపు చూద్దాంలే అనవద్దు. లిల్లీ విషయంలో అయితే వాంతి కోసం కూడా ఆగవద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం మరీ కీడు. కొరికిన ఆకునో, దాని ఫోటోనో తీసుకొని వెంటనే పశువైద్యుని దగ్గరకు వెళ్లండి. కడప జిల్లావారికి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉన్నది.

పిల్లలూ, మీరు చేయవలసిన పని ఒకటున్నది. పిల్లికి దాని గడ్డి దానికి పెంచి పెట్టండి. ఇంట్లో జొన్నలున్నాయి గదా అని అవి మాత్రం చల్లవద్దు. లేత జొన్నపైరులో, అందులోనూ వానలేక వాడిన దానిలో, సయనైడు అనే విషం పుడుతుంది. ఆ చేనిలోకి పశువును పోనీయకూడదని మన రైతులకు తెలుసు. గోధుమలు మేలు. పిడికెడు గోధుమలు ఒక రాత్రి నానబెట్టి మట్టిలో చల్లి, పైన పలచగా మన్ను కప్పి, రోజూ నీళ్లు చిలకరించండి. వారం పదిరోజులలో బెత్తెడు గడ్డి లేస్తుంది. తేలిక డబ్బా అయితే పిల్లి దొర్లించేస్తుంది. పగిలిన కడవ అడుగుభాగం దొరికితే దానిలో వేయండి.