రూపాయి పర్మిషన్‌కు ఇరవై వేల మామూలు

రేకులు తీసి స్లాబు వేసుకుందామనుకుంది మన బస్తీ అక్క ఒకామె. అరవై గజాల ఇల్లు. ఇరవై ఏండ్లుగా వానపడితే చాలు, కురిసే చోటల్లా గిన్నెలు, బకెట్లు పెట్టి, మిగిలిన జాగాలో పిల్లల్ని పడుకోబెట్టిన ఇల్లు. చిట్టీ పాడింది. పుస్తెలతాడు కుదువబెట్టింది. కొడుకు పనిచేసే చోట అడ్వాన్సు తెచ్చాడు. అంతా కలిపి ఆరు లక్షలు. సెంట్రింగ్ సామాను గల్లీలో దిగిన రోజే, మధ్యాహ్నం వేళ ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చి సెల్‌ఫోన్‌తో ఫోటో కొట్టాడు. 'పర్మిషన్ ఉన్నదా?' అన్నాడు. లేదు. 'రేపొచ్చి ఆపేస్తరు చూడు' అని పోయిండు. ఆ రాత్రే ఇంకొకాయన వచ్చాడు. ముప్పై వేల దగ్గర బేరం మొదలుపెట్టి ఇరవైకి దిగాడు. ఇచ్చింది. స్లాబు పడ్డది.

నెల తర్వాత మా దగ్గరికొచ్చి ఆమె అడిగింది: "అన్నా, గన్ని పైసలు కడితిని. రసీదు ఎందుకియ్యలే?"

ఈ సంచిక సంపాదకీయం ఆమె ప్రశ్న గురించే.

రసీదు ఎందుకియ్యలేదంటే, ఆ పైసలు ఏ ఫీజూ కాదు గనుక. ఆమెది ఎంత ఇల్లో అంత ఇంటికి చట్టం అడిగేది ఒక్క రూపాయి. అచ్చుతప్పు కాదు, సరిగానే చదివారు. తెలంగాణలో 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో, నేల మీద ఒకటి, దానిపైన ఇంకొకటి, 7 మీటర్ల ఎత్తు మించకుండా ఇల్లు కట్టుకుంటే పర్మిషనే అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పేరు, జాగా వివరాలు నమోదు చేసుకుని ఒక రూపాయి కట్టాలి. ఇంటి పన్ను కింద మొదటిసారి వంద రూపాయలు. 75 గజాలు దాటి 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే యజమాని తానే 'ఇది నిజం' అని రాసిచ్చుకుంటే వెంటనే అనుమతి వస్తుంది. ఇంకా పెద్దవైతే 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. (ఇదంతా తెలంగాణ సంగతి. ఆంధ్రలో 2017 బిల్డింగ్ రూల్స్ వేరు. అక్కడి పాఠకులు ఈ రూపాయి లెక్క పట్టుకుని పోయి కొట్లాడొద్దు.)

అసలు కాగితమే అక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. గోడలకు సున్నం, రంగు, ప్లాస్టరింగు, గచ్చు తీసి టైల్స్ వేయడం, తలుపు మార్చడం, పగిలిన రేకు తీసి కొత్త రేకు వేయడం. ఇవన్నీ మరమ్మతులు. వీటికి ఎవడి దగ్గరా చెయ్యి కట్టుకుని నిలబడే పనిలేదు. హైదరాబాదుకు వర్తించే 1955 నాటి కార్పొరేషన్ చట్టంలో 433 సెక్షన్ అని ఒకటుంది. ఉన్న ఇంటికి కొత్తగా కలిపినా, బయటి గోడను పునాది పైన సగానికి మించి పీకి మళ్లీ కట్టినా, ఒక గదిని రెండు చేసినా కమిషనర్‌కు ముందుగా తెలపాలని అందులో ఉంది. సగం గోడ దాకా మీ ఇష్టం. సగం దాటితే చెప్పాలి. రేకుల చోట స్లాబు వేసినా, మీద గది లేపినా కొత్త కట్టడం కిందికే వస్తుంది. కాబట్టి అక్క చేసిన పనిని నమోదు చేసుకోవాల్సిందే. కానీ దాని ఖరీదు ఇరవై వేలు కాదు.

ఇక ఫీజులు. ఈ పేర్లు చెప్పే మనల్ని బెదరగొడతారు. పర్మిట్ ఫీజు, స్క్రూటినీ ఫీజు, బెటర్‌మెంట్ చార్జీలు, ఇంకుడు గుంత చార్జీ, మలబా ఎత్తే చార్జీ. 75 గజాలు దాటినోళ్లకు ఇవి నిజంగానే ఉంటాయి. జాగా ఎంత, కట్టేది ఎంత అన్నదాన్ని బట్టి లెక్క వస్తుంది. ఏ పేరు కింద ఎంత అన్నది విడివిడిగా రాసి చలానా ఇవ్వాలి. అన్నిటికంటే బరువైనది ఖాళీ జాగా చార్జీ. లేఅవుట్ అనుమతి లేని ప్లాటు అయితే జాగా విలువలో 14 శాతం అడుగుతారు. పార్కుకు జాగా వదలకుండా ప్లాట్లు చేసి అమ్ముకున్నవాడు ఎప్పుడో కారెక్కి పోయాడు. పార్కు బాకీ మాత్రం కొనుక్కున్నోడి నెత్తిన పడ్డది.

'లేబర్ సెస్సు కూడా కట్టాలె' అని అక్కకు చెప్పారట. అబద్ధం. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వేసే చట్టం 1996లో వచ్చింది. సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపు ఖర్చయితే దానికి వర్తించదని అప్పుడే రాశారు. 2020 సామాజిక భద్రతా కోడ్ ఆ హద్దును 50 లక్షలకు పెంచింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఆరు లక్షల ఇంటికి సెస్సు ఎక్కడిది? తాపీ మేస్త్రీలకూ, తట్టలు మోసే ఆడకూలీలకూ ఖర్చు పెట్టాల్సిన సొమ్ము పేరు చెప్పి ఇంకో కూలీ దగ్గర గుంజడమంటే ఇదే. అక్క పెనిమిటి కూడా తాపీ మేస్త్రీయే. ఈ నగరంలో ఎన్ని స్లాబులు పోశాడో ఆయనకే లెక్కలేదు.

ఇంతవరకూ చదివి, 'అయితే రూపాయి కడితే అయిపోయేదానికి ఆమె ఇరవై వేలు తగలేసింది, తెలివితక్కువది' అనుకుంటారేమో. అంత తేలిగ్గా లేదు. అసలు మెలిక ఇక్కడుంది.

ఆమె దగ్గరున్నది నోటరీ కాగితం. రూపాయి పర్మిషన్ అడిగేవాడు జాగా తనదేనని చూపాలి. స్థిరాస్తి విలువ వంద రూపాయలు, ఆపైన ఉంటే అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. కాబట్టి నోటరీ కాగితం దస్తావేజు కాదు. సర్కారు జాగా అయితే నమోదు కాదు. చెరువు శిఖం, నాలా పక్క అయితే కాదు. అసైన్డు పట్టా అయితే, అమ్ముకోవడం కొనుక్కోవడం 1977 చట్టం కిందే నిషేధం. అన్నీ సరే అని తప్పు రాసిస్తే, నోటీసు లేకుండానే కూల్చొచ్చని బీపాస్ చట్టంలో ఇంకో కత్తి వేలాడదీశారు. ఫోటో కొట్టుకుపోయిన ఆ మోటార్ సైకిలాయనకు ఇదంతా మనకంటే బాగా తెలుసు. ఆయన అమ్మింది పర్మిషన్ కాదు. ఆమె దగ్గర కాగితం లేదన్న సంగతిని ఆమెకే అమ్మాడు.

మన దగ్గర కాగితాలు ఎందుకు లేవు? పల్లెలో మన వాడ ఊరికి అవతల ఉంటుంది. పట్నమొస్తే మన జాగా నాలా పక్కన, పట్టాల పక్కన, శ్మశానం గోడ పక్కన. ఆ జాగాలు మనం ఏరుకున్నవి కావు, ఎవరికీ అక్కర్లేక మిగిలినవి. మన తాతలు గుడిసె వేసిన నాడు వాటికి విలువలేదు గనుక ఎవరూ కాగితం అడగలేదు. విలువ పెరిగిన నాడు 'కాగితమేది' అంటున్నారు. రూపాయి చట్టం రాసినవాళ్లు పేదోడి కోసమే రాశామన్నారు. 75 గజాల లోపు ఇల్లున్న పేదోడికి రిజిస్టరు దస్తావేజు కూడా ఉంటుందని ఎట్లా అనుకున్నారో మాకు అర్థం కాదు.

ఉన్నోళ్ల సంగతి చూడండి. మూడంతస్తులకు పర్మిషన్ తీసుకుని అయిదు లేపినవాళ్ల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరులో జీవో 901 తెచ్చి, జరిమానా కడితే క్రమబద్ధం చేస్తామన్నారు. 2015లో తెలంగాణలో మళ్లీ అదే తరహా పథకం పెట్టారు, అది హైకోర్టులో చిక్కుకుంది. ప్లాట్ల కోసం 2020లో జీవో 131, దరఖాస్తుకు వెయ్యి రూపాయలు. తప్పుచేసినోడికి తారీఖు మీద తారీఖు దొరుకుతుంది. బస్తీలో స్లాబు వేసుకునేదానికి ఒక రాత్రి గడువు. మనకోసం వచ్చిందేమంటే 2014 డిసెంబరులో జీవో 58. సర్కారు జాగాలో 125 గజాల లోపు ఇల్లున్న పేదలకు ఉచితంగా పట్టా. దరఖాస్తు పెట్టినోళ్లకు దక్కింది, చిక్కు జాగాలవాళ్లకు దక్కలేదు, తెలియనోళ్లు మిగిలిపోయారు. దానికి ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు సాక్ష్యంగా తీసుకున్నారు. కాబట్టి పాత బిల్లులు పారేయొద్దు. డబ్బాలో వేసి దాచండి.

కానీ ఒక భ్రమ వదులుకోవాలి. 'ఇంటి పన్ను కడుతున్నం, ఇంక మమ్మల్ని ఎవడేం చేస్తడు' అని మనోళ్లు ధీమాగా ఉంటారు. అనుమతిలేని ఇంటికి జరిమానాతో కలిపి పన్ను వేసి మరీ, ఈ పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదని కార్పొరేషన్ అంటుంది. పన్ను రసీదు మీరు అక్కడ ఉంటున్నారనడానికి సాక్ష్యం. జాగా మీదనడానికి కాదు.

మనలో మనం ఇంకోమాట అనుకోవాలి. చిన్న జాగాలకు కూడా ముందు వైపు ఒకటిన్నర మీటరు, అంటే అయిదు అడుగులు వదలాలని రూలు. పద్దెనిమిది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉన్న ఇంటికి అయిదు అడుగులంటే తొంభై చదరపుటడుగులు పోయినట్టే. అంటే ఒక గది. బాధ మాకు తెలుసు. అయినా మెట్లు తీసుకుపోయి గల్లీలోకి దించడం, కరెంటు తీగలకు తగిలేట్టు బాల్కనీ లాగడం తప్పే. గల్లీలోకి అంబులెన్సు రాకపోతే పోయేది మన పెద్దవ్వ ప్రాణమే. ఇది పర్మిషన్ల సంగతి కాదు, పక్కింటోళ్ల సంగతి.

రేపు మీ ఇంటి ముందు ఫోటో కొట్టేవాడొస్తే ఏం చేయాలి? ముందు పేరు, హోదా అడగండి. నోటీసు ఉంటే కాగితం మీద ఇమ్మనండి. మీరూ ఆయన ఫోటో తీయండి. ముందస్తుగా రాతపూర్వక నోటీసిచ్చి 15 రోజుల గడువు ఇవ్వకుండా ఇల్లు కూల్చకూడదని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పింది. అది రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాలు, నది, చెరువులాంటి చోట కట్టినవాటికి వర్తించదనీ చెప్పింది. నాలా పక్క బస్తీలవాళ్లు ఈ రెండో ముక్క మరిచిపోవద్దు. నోటీసొస్తే చించి పారేయకుండా గడువులోనే జవాబు రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఏ ఫీజు ఎంతో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. పది రూపాయలు, పేదరికం దిగువన ఉన్నోళ్లకు అదీ లేదు. జవాబుకు 30 రోజులు.

లంచం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినోడు కూడా నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చినోడు ఏడు రోజుల్లోగా పోలీసుకో, ఏసీబీకో చెబితే తప్పించుకుంటాడు. తెలంగాణ ఏసీబీ నెంబరు 1064. మా దగ్గరికొచ్చిన అక్క నెల రోజుల తర్వాత వచ్చింది. ఏడు రోజులు ఎప్పుడో దాటాయి. ఈ గడువు ఉందని ఆమెకు ఎవరు చెప్పారు?

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి వార్డు ఆఫీసు బయట, లోపల గోడకు కాదు బయట, తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు పెట్టాలి. ఏ పనికి పర్మిషన్ అక్కర్లేదు, ఏ పనికి కావాలి, ఎంత ఫీజు అన్నది దాని మీద రాయాలి. 75 గజాల లోపు ఉన్న పాత ఇల్లు అదే కొలతల్లో బాగుచేసుకుంటే, యాజమాన్య పత్రం అడగకుండా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీదే నమోదు చేయాలి. జాగా ఎవరిదో తేలేదాకా కురిసే ఇంట్లోనే తడవమనడం న్యాయం కాదు. జాగా తగాదా రెవెన్యూ వాళ్లు తేల్చుకోవాలి.

ఇంటిపని చేయించుకుని రసీదులేని పైసలు కట్టినవాళ్లు మాకు రాయండి. ఎన్ని గజాలు, ఏం పని చేయించారు, ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు. పేరు, ఇంటి నెంబరు వేయం. వచ్చే సంచికలో బస్తీల వారీగా ఆ లెక్క అచ్చువేస్తాం. అక్క లెక్కతో మొదలుపెడుతున్నాం: అరవై గజాలు, స్లాబు, చట్టం అడిగింది 1 రూపాయి, పోయింది 20,000.