బైపీసీ అంటే నీట్ ఒక్కటేనా?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు తనకు మొక్కల మీద పరిశోధన చేయాలని ఉందన్నారు. వాళ్ల నాన్నగారు నవ్వి, "మొక్కలు పెంచడానికి ఇంత ఫీజు కట్టాలామ్మా?" అన్నారు. సైన్స్ టీచర్‌నై ఉండి నేనూ నవ్వేశాను. అది నా పొరపాటు.

ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. జపాన్‌లో కాలిన గాయాలకు పూసే పాతకాలపు లేపనంలో ఒక మొక్క వేరు వాడతారు. అందులోని షికోనిన్ అనే ఎర్రటి పదార్థం వాపును తగ్గిస్తుంది. ఆ వేరు ముదరడానికి ఏళ్లు పడుతుంది, తవ్వితే మొక్క పోతుంది. 1980ల్లో మిత్సుయి పెట్రోకెమికల్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ మొక్క కణాలను పోషక ద్రవం నింపిన ట్యాంకుల్లో పెంచి, సుమారు మూడు వారాల్లోనే షికోనిన్ తయారుచేశారు.

మన దేశంలో రాజస్థాన్, గుజరాత్‌లలో పెరిగే గుగ్గులు చెట్టు సంగతి చూడండి. కీళ్ల వాపులకు ఆయుర్వేదంలో దాని బంక వాడతారు. బంక కోసం విపరీతంగా గాట్లు పెట్టడంతో అది అంతరించే దశకు చేరింది. అన్ని మొక్కల కణాలూ ట్యాంకుల్లో తేలిగ్గా మందునివ్వవు. అందుకే ఓపికగా పరిశోధించేవాళ్లు కావాలి.

పిల్లల్ని డాక్టర్లు చేయొద్దని నేను అనడం లేదు. ఆ డాక్టరు రాసే మందును ఎవరో ఒకరు కనిపెట్టాలి కదా! మీ పాపో బాబో మొక్కల గురించి చదువుతానంటే, నవ్వే ముందు ఆ కోర్సుల వివరాలు కనుక్కోండి. నన్ను అడిగినా చెబుతాను. ఈసారి నవ్వను.