వంటిల్లు కూడా వ్యాను ఎక్కితే...



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళల్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "ఆవకాయ ఎప్పుడు పెడదాం?" రెండోది, "ఎక్కడికన్నా పోయొద్దాం". మొదటిది ఆడవాళ్ళ పని అని అందరికీ తెలుసు. రెండోది కూడా మన పనేనని మనకొక్కళ్ళకే తెలుసు! అందుకే ఈ వారం మేము వ్యాను కట్టించుకుని నల్లమల కొండల్లోకి పోయొచ్చిన సంగతి చెబుతాను. ఈ సెలవుల్లో బయల్దేరేవాళ్ళకు పనికొస్తుంది.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మిర్చి, పత్తి పండించే ఇల్లు. సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా మాకు ఊపిరి సలపదు. కోతలు, కల్లంలో ఆరబోయటం, తాలు ఏరటం, టిక్కీలకెత్తటం, వచ్చిన కూలీలకు టీలు, నీళ్ళు... మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తారు. యార్డుకు సెలవులంటే మా ఊళ్ళకు కూడా సెలవులే.

2025 మే నెల అది. ఆ ఏడు మిర్చి రైతు సంగతి మీకు తెలియంది కాదు. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన సరుకు సగానికి పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున ఆదుకుంటామని ప్రకటించినా రైతు కళ్ళల్లో వెలుగు రాలేదు. మా టిక్కీలు కోల్డు స్టోరేజీలోనే ఉన్నాయి. అలాంటప్పుడు ప్రయాణమంటే ఎవరికి మనసొస్తుంది? మా బావగారు "ధర లేని ఏడు తిరుగుళ్ళెందుకు" అన్నారు. మా అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్ళు. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడగరు. ఆ రోజు మాత్రం "శ్రీశైలం పోదాం అబ్బాయ్. వచ్చే ఏటికి ఈ మోకాళ్ళు రామంటాయేమో" అన్నారు. ఇంక ఎవరూ కాదనలేదు.

ఖర్చు తగ్గాలి కాబట్టి అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఒక నిర్ణయం చేశారు. వ్యాను కిరాయి చెరి సగం. రూములు వద్దు, రాత్రి వ్యానులోనే పడుకోవటం. హోటళ్ళు వద్దు, దారిలోనే వంట. వినటానికి ఎంత బాగుందో! వండేది ఎవరన్న మాట మాత్రం ఆ నిర్ణయంలో లేదు. అడగాలని నాకూ తోచలేదు, మా తోడికోడలు అక్కకూ తోచలేదు.

పొద్దున్నే బయల్దేరాల్సిన వాళ్ళం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. ఎందుకంటారా? సర్దుడు! చిన్న సిలిండరు, స్టవ్వు, బియ్యం, కందిపప్పు, చింతపండు, నూనె డబ్బా, డేగిసాలు, గరిటెలు, కత్తిపీట, చివరికి పచ్చడి బండ కూడా. మా చిన్నది "అమ్మా, గోడలు కూడా తెచ్చుకుందామా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. నిజానికి అది అన్నది నిజమే.

వినుకొండ దాటి త్రిపురాంతకం చేరేసరికి సాయంత్రం అయిదు దాటింది. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని చెబుతారు. తూర్పు ద్వారం త్రిపురాంతకం, దక్షిణానికి సిద్ధవటం, పడమరకు అలంపురం, ఉత్తరానికి ఉమామహేశ్వరం. ద్వారం దగ్గర దణ్ణం పెట్టుకోకుండా పోతామా? స్వామినీ, బాలా త్రిపురసుందరి అమ్మవారినీ చూసుకుని, దారి పక్కన చెట్టు కింద పొయ్యి వెలిగించాం. అన్నం, పప్పు, వంకాయ కూర, చారు, వడియాలు. గాలికి స్టవ్వు ఆరిపోతుంటే అక్క చీర కొంగు అడ్డం పెట్టింది. తినటం అరగంట. వండటం, కడగటం కలిపి రెండు గంటలు.

దోర్నాల చేరేటప్పటికి తొమ్మిది దాటి పావుగంట. అటవీశాఖ వాళ్ళ గేటు వేసేశారు! దోర్నాల నుంచి శ్రీశైలం దాకా యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అదంతా పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా బళ్ళను వదలరు. మా వారు బతిమాలబోతే గేటు దగ్గరి అబ్బాయి "రాత్రి పూట రోడ్డు జంతువులదండీ" అన్నాడు. కోపం రాలేదు నాకు. మన వాకిట్లోకి రాత్రి పూట ఎవరన్నా లైట్లేసుకుని వస్తే మనం ఊరుకుంటామా?

మన రాష్ట్రం వైపున్న నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దాదాపు 3,296 చదరపు కిలోమీటర్లు. దేశంలోకెల్లా ఇదే పెద్దదట. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపున్న అడవి అమ్రాబాద్ అభయారణ్యం అయింది.

మగవాళ్ళు గేటుకు ఇవతల పట్టా పరుచుకుని పడుకున్నారు. ఆడవాళ్ళం, పిల్లలం వ్యానులో. దోమలు, ఉక్క. అద్దాలు దించితే దోమలు, ఎత్తితే చెమట. నాకు నిద్ర పట్టలేదు. అత్తయ్యగారికీ పట్టినట్టు లేదు. "ఏమ్మా, గేటు వేశారని బెంగా?" అన్నారు.

"అవునత్తయ్యా. వంట పెట్టుకోకపోతే ఈపాటికి పైన ఉండేవాళ్ళం" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు. "శ్రీశైలానికి నేను మూడుసార్లు వచ్చాను. మొదటిసారి డ్యాము కడుతున్న రోజుల్లో, లారీలో, ఊరి జనంతో. మూడుసార్లూ దర్శనమైతే చేసుకున్నాను. శిఖరం మాత్రం చూడలేదు. అందరూ శిఖరానికి పోతుంటే పొయ్యి దగ్గర ఒకళ్ళుండాలిగా. వాళ్ళు తిరిగొచ్చేసరికి అన్నం ఉడకాలిగా. నేనుంటాలే పోండి అన్నాను."

మూడుసార్లు! ఆ చీకట్లో నా గొంతు పూడుకుపోయింది. ఆవిడ ఫిర్యాదుగా చెప్పలేదు. అదే నన్ను ఇంకా బాధపెట్టింది. మర్నాడు శిఖరం దగ్గర స్టవ్వు వెలిగిస్తే అక్క, నేను కూడా "నేనుంటాలే పోండి" అనేవాళ్ళమే.

తెల్లారి అక్కతో చెప్పాను. అక్క ఏమీ అనలేదు. లేచి స్టవ్వును గోనె సంచిలో పెట్టి మూతి కట్టేసింది. "బావగారికి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది. నేనే చెప్పాను. "ఇవాళ మేం వండం బావగారూ. పైగా అడవిలో నిప్పు రాజేయకూడదు". అది సాకు కాదు. 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం అభయారణ్యంలో నిప్పు పెట్టటం నేరం. వేసవిలో నల్లమల ఆకులన్నీ రాల్చేసి ఎండిపోయి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. బావగారు మా ముగ్గురి మొహాలూ చూసి "సరే, తిన్నప్పుడే తిందాం" అన్నారు.

ఆరింటికి గేటు తీశారు. పొద్దుటి పూట ఘాటు రోడ్డు ఎంత హాయిగా ఉందో! కింద మా ఊళ్ళో ఆ వేళకే ఎండ చురుక్కుమంటుంది. ఇక్కడ వెదుర్ల మధ్య నుంచి చల్లగాలి. రోడ్డు మీద కోతులు. పిల్లలు బిస్కెట్లు విసరబోతే వద్దన్నాం. తిండి అలవాటైతే అవి రోడ్డు వదలవు, బళ్ళ కింద పడతాయి.

శిఖరేశ్వరం శ్రీశైలం కంటే ముందే వస్తుంది. అక్కడ నంది కొమ్ముల మధ్య నుంచి దూరాన ఉన్న గుడి శిఖరాన్ని చూస్తే మళ్ళీ జన్మ ఉండదంటారు. ఒక పక్క అక్క, ఒక పక్క నేను పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ అత్తయ్యగారిని ఎక్కించాం. కింద వ్యాను దగ్గర సామానుకు కాపలా ఎవరో తెలుసా? మా బావగారు!

అత్తయ్యగారి కళ్ళకు ఆపరేషనయింది. చూపు అంతంత మాత్రం. వంగి చాలాసేపు చూశారు. "కనపడిందా అత్తయ్యా?" అన్నాను. "ఆఁ" అన్నారు. నిజంగా కనపడిందో లేదో నేను గుచ్చి అడగలేదు. దిగేటప్పుడు మాత్రం "జన్మ లేదంటే మంచిదే. ఒకవేళ ఉన్నా, ఈసారి పొయ్యి దగ్గర మాత్రం నేనుండను" అన్నారు. ముగ్గురం మెట్ల మీదే కూర్చుని నవ్వాం.

పాలధార పంచధార, సాక్షి గణపతి చూసుకుని, స్వామి దర్శనమయ్యాక దేవస్థానం వారి అన్నదానంలో కడుపునిండా తిన్నాం. పైసా ఖర్చు లేదు. ఖర్చు తగ్గుతుందని మోసుకొచ్చిన డేగిసాలు వ్యానులోనే ఉన్నాయి!

ఇంటికొచ్చాక నేనూ అక్కా అనుకున్న మాటలు మీకూ చెబుతున్నాను:

1. బయల్దేరే ముందే వండేది ఎవరు, కడిగేది ఎవరు, సామాను దగ్గర ఉండేది ఎవరు అని మాట్లాడుకోండి. కాపలా వంతులవారీగా ఉండాలి.

2. మనుషులెక్కే వ్యానులో గ్యాసు సిలిండరు పెట్టకండి. ఎండకు కాగే బండిలో అది ప్రమాదం. మేం చేసింది తప్పే.

3. దారిలో బాత్రూము ఉండదన్న భయంతో ఆడవాళ్ళం నీళ్ళు తాగటం మానేస్తాం. వేసవిలో అది వడదెబ్బకు దారి. పెట్రోలు బంకు కనపడినప్పుడల్లా బండి ఆపమని మొహమాటం లేకుండా చెప్పండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ దగ్గరుంచుకోండి.

4. ఘాటు రోడ్డులో వాంతులయ్యేవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టండి. కడుపు నిండా తిని ఎక్కకూడదు, ఖాళీ కడుపుతోనూ ఎక్కకూడదు.

5. రాత్రికి శ్రీశైలం చేరాలంటే వెలుగుండగానే దోర్నాల దాటండి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు అడవిలో పారేయకండి.

మరి తిండో అంటారా? ఇంటి దగ్గరే పులిహోర గుజ్జు చేసి పట్టుకెళ్ళండి. పావు కిలో చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీయాలి. గిన్నెలో పావు లీటరు నువ్వుల నూనె కాచి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, పది ఎండుమిర్చి, పచ్చిమిర్చి చీలికలు, ఇంగువ, కరివేపాకు, పసుపు వేసి వేయించి, గుజ్జు, తగినంత ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించండి. ఆరాక తడిలేని సీసాలో పెడితే ప్రయాణం నాలుగు రోజులూ ఉంటుంది. ఎక్కడన్నా వేడన్నం కొనుక్కుని కలుపుకోవటమే. కలపటం మగవాళ్ళకు కూడా వచ్చు. మా ఇంట్లో వాళ్ళకు వచ్చింది!

ఈ సెలవుల్లో మీరు ఎటు వెళ్ళినా, మీ ఇంట్లో "నేనుంటాలే పోండి" అనే మనిషి ఎవరో ఒకసారి చూసుకోండి. ఆవిణ్ణి ముందు వ్యాను ఎక్కించండి. తర్వాతే సామాను.

ఉంటాను మరి. వచ్చే వారం ఆవకాయ కబుర్లతో కలుసుకుందాం.